విరుగుడు అమెరికాలో ఉందట, నర్సంపేటకు ఎప్పుడొస్తుంది డాక్టరమ్మా?

మృగశిర చినుకులు పడ్డాయంటే నాకు వచ్చే ఉత్తరాల్లో పాములు మొదలవుతాయి. ఈసారి మరీ ఎక్కువ. షుగర్ గురించి, మోకాళ్ల నొప్పుల గురించి రాసినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టాలి. నాట్లు ముగిసేదాకా ఈ పేజీ పాముకాటుకే.

*మాది నర్సంపేట దగ్గర పల్లె. రెండెకరాల మిర్చి, ఎకరం పత్తి. పోయిన వానకాలం పత్తిల కలుపు తీస్తుంటే మా ఇంటామెను రక్తపింజర కుట్టింది. వరంగల్ తీసుకపోయినం, బతికింది. ఇప్పుడు మా పిల్లగాడు ఫోన్ల చూపెట్టిండు, అమెరికాల ఒకాయన కావాలని పాములతోని కరిపించుకున్నడట, ఆయన రక్తంలకెళ్లి అన్ని పాములకు ఒక్కటే మందు తీసిండ్రట. అది మనకాడ దొరుకుతదా? ఎంతయినా సరే, కొని ఇంట్ల పెట్టుకుంటం.*
— ఒక రైతు, నర్సంపేట మండలం

అన్నా, ముందు మీ ఇంటామె గండం గడిచినందుకు సంతోషం. ఆమె ఇప్పుడు ఎట్లున్నదో మీరు రాయలేదు. ఈ పేజీలో చివరి జవాబు ఆమెకు కూడా చదివి వినిపించండి.

మీ పిల్లగాడు చూసింది పుకారు కాదు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం వైద్య కళాశాల శాస్త్రవేత్తలు, సెంటివాక్స్ అనే కంపెనీ వాళ్లు కలిసి చేసిన పని అది. 2025 మే నెలలో ‘సెల్’ అనే పరిశోధన పత్రికలో వచ్చింది. ఆ మనిషి పేరు టిమ్ ఫ్రీడి. డాక్టర్ కాదు, ట్రక్కుల మెకానిక్‌గా పనిచేసినవాడు. దాదాపు 18 ఏళ్లపాటు 16 జాతుల పాముల విషాన్ని కొద్దికొద్దిగా, 800కు పైగా సార్లు, తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. 2001లో రెండు నాగుపాములు వెంటవెంటనే కరిస్తే నాలుగు రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆయన రక్తంలో విషాన్ని ఎదుర్కోవడానికి తయారైన యాంటీబాడీల్లోంచి రెండింటిని ఏరి, వాటికి వారెస్ప్లాడిబ్ అనే మందు కలిపి ఎలుకల మీద చూశారు. 19 జాతుల విషాల్లో 13 జాతుల విషం నుంచి ఎలుకలు పూర్తిగా బతికాయి. మిగతా ఆరింటి మీద కొంతవరకే పనిచేసింది.

చాలా గొప్ప పని ఇది. ఇప్పుడు మనం వాడే విరుగుడు గుర్రాలకు కొంచెం కొంచెం విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసేది. 1890ల్లో ఫ్రెంచి వైద్యుడు అల్బేర్ కాల్మెట్ మొదలుపెట్టినప్పటి నుంచి దారి మారలేదు. మనిషి యాంటీబాడీతో మందు చేయగలిగితే గుర్రపు మాంసకృత్తుల వల్ల వచ్చే చలి, దద్దుర్లు, బీపీ పడిపోవడం చాలావరకు తప్పుతాయి.

కానీ అన్నా, ఆ 19లో మీ పత్తిచేనులో కరిచిన పాము లేదు. అవన్నీ నాగుపాము, కట్లపాము కుటుంబానివి. ఆ విషం నరాలకూ కండరాలకూ మధ్య తీగ తెంపినట్టు చేస్తుంది, మనిషికి ఊపిరి ఆడదు. రక్తపింజరది వేరే కుటుంబం. అది రక్తం గడ్డకట్టే గుణాన్నే తినేస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఫోన్‌లో ‘అన్ని పాములకు’ అన్న మాట కనపడగానే ‘ఏ పాములు? ఎవరి మీద చూశారు?’ అని అడగమని మీ పిల్లగాడికి చెప్పండి. ఇక్కడ చూసింది ఎలుకల మీద. మనుషుల మీద పరీక్షించి, అనుమతులు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది.

అదే ఏడాది జనవరిలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాల నుంచి ఇంకో కబురు వచ్చింది. 2024లో నోబెల్ అందుకున్న డేవిడ్ బేకర్ ప్రయోగశాల వాళ్లు ఏ జంతువునూ వాడకుండా, కంప్యూటర్‌లోనే కొత్త ప్రోటీన్లను గీసి, నాగుపాము జాతి విషంలోని ముఖ్యమైన పదార్థాలకు అడ్డుకట్ట వేశారు. ఎలుకల్లో 80 నుంచి 100 శాతం బతికాయి. అయితే అది విషంలోంచి విడదీసిన ఒక్కో పదార్థం మీద చేసిన ప్రయోగం. పాము కోరలోంచి దిగేది పదుల పదార్థాలు కలిసిన విషం.

ఇంట్లో పెట్టుకుంటామన్నారు. ఇప్పుడున్న విరుగుడునే ఇంట్లో పెట్టుకోకూడదు. ఎక్కిస్తుండగా ఒళ్లు తిరగబడితే చూసుకునే డాక్టర్, సెలైన్, ఆక్సిజన్ పక్కనే ఉండాలి. మీ డబ్బు దాని మీద పెట్టకండి.

మీ ఇంట్లో బండి ఉందా? ఉంటే నేపాల్ సంగతి ఒకటి వినండి. ధరాన్‌లోని బీపీ కోయిరాలా వైద్య విజ్ఞాన సంస్థ డాక్టర్లు, జెనీవా డాక్టర్లతో కలిసి అక్కడి తెరాయి మైదానాల పల్లెల్లో మోటార్‌సైకిళ్లున్న కుర్రాళ్లను కూడగట్టారు. ఎవరికి పాము కరిచినా ఫోన్ చేయగానే బండి వస్తుంది. రోగిని మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక ఒకరు పట్టుకుని, విరుగుడు ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకుపోతారు. దాంతో పాటు ఊరూరా తిరిగి జనానికి చెప్పారు. ఆ పల్లెల్లో పాము కరిచినవాళ్లలో అంతకుముందు వందకు పది మందికి పైగా చనిపోయేవాళ్లు, 10.5 శాతం. తర్వాత అది 0.5 శాతానికి దిగింది. 2013లో అచ్చయిన లెక్క ఇది. కొత్త మందేదీ లేదు. పాత విరుగుడే, కాకపోతే వేళకు అందింది. నలభై ఏళ్ల వైద్యంలో నేను చదివిన కాగితాల్లో నా మనసును ఇంతగా పట్టుకున్నవి తక్కువ. మీ ఊళ్లో 108 వచ్చేసరికి ఎంతసేపవుతుందో, ఎవరి బండి రాత్రిపూట ఇంట్లో ఉంటుందో, వానలు ముదరకముందే మీ వాడలో నలుగురు కూర్చుని మాట్లాడుకోండి.

*మేడమ్, నేను తాడ్వాయి దగ్గర ఆశా కార్యకర్తను. మా మేనల్లుడికి ఆరేళ్లు. పాము కరిస్తే డాక్టర్ గారు పది వయల్స్ ఎక్కించారు. పక్క మంచం మీద ఎనభై కిలోల మనిషికి కూడా పదే. పసివాడికి అంత మందా అని మా అన్న కొట్లాటకు దిగిండు. నాకూ జవాబు తెల్వలేదు.*

చెల్లెమ్మా, ఆ డాక్టర్ చేసింది సరైన పని. జ్వరం మందు బిడ్డ బరువును బట్టి ఇస్తాం, అది బిడ్డ ఒంట్లో పనిచేయాలి కాబట్టి. విరుగుడు పనిచేసేది విషం మీద. పిల్లవాడని పాము తక్కువ విషం దింపదు.

లెక్క కూడా చెప్తాను, మీ అన్నకు వేళ్ల మీద చూపించండి. మన దేశపు విరుగుడు ఒక మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని చంపుతుంది. ఒక వయల్ అంటే 10 మిల్లీలీటర్లు, అంటే 6 మిల్లీగ్రాములు. రక్తపింజర ఒక్క కాటులో సగటున దింపేది 63 మిల్లీగ్రాములు. ఇప్పుడు భాగించండి, దాదాపు పదే వస్తుంది. నిజానికి చిన్న ఒంట్లో అదే విషం ఇంకా చిక్కగా ఉంటుంది కాబట్టి పిల్లలకు ముప్పు పెద్దవాళ్లకంటే ఎక్కువ. టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు మన దేశపు వాళ్లతో కలిసి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారు, ఏడాదికి సగటున 58 వేలు. అందులో నాలుగో వంతుకు మించి పదిహేనేళ్లలోపు పిల్లలే. మరణాలు ఎక్కువున్న ఎనిమిది రాష్ట్రాల్లో, తెలంగాణ కలిసి ఉన్నప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అందుకే మీలాంటి ఆశా చెల్లెళ్లకు ఈ లెక్క నోటికి రావాలని నా ఆశ.

*విరుగుడు ఎక్కించిన అరగంటకు మా నాయనకు చలి పుట్టి మంచం ఊగిపోయింది, ఒళ్లంతా దద్దుర్లు. ‘ఈ మందే విషం’ అని మా చుట్టాలు సెలైన్ పీకేయమన్నరు. నర్సమ్మ ఆపింది. తప్పెవరిది?*
— హనుమకొండ

మీ చుట్టాలకు భయం వేయడంలో తప్పు లేదు. పీకనివ్వకుండా ఆపిన ఆ నర్సమ్మకు మాత్రం నా నమస్కారం చెప్పండి. చలి, దద్దుర్లు గుర్రపు మాంసకృత్తుల మీద మన ఒళ్లు తిరగబడటం. కాసేపు ఆపి, అడ్రినలిన్ ఇచ్చి, సర్దుకోగానే మళ్లీ ఎక్కిస్తారు. మధ్యలో మానేస్తే విషం మిగిలిపోతుంది.

దీని మీద శ్రీలంకలోని కెలనియా విశ్వవిద్యాలయం వైద్య విభాగం వాళ్లు చేసిన పరిశోధన 2011లో వచ్చింది. 1007 మంది రోగులు. విరుగుడుకు ముందు కొందరికి చర్మం కింద చిన్న మోతాదులో, పావు మిల్లీగ్రాము, అడ్రినలిన్ ఇచ్చారు. కొందరికి అలర్జీ మందు, కొందరికి హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్, కొందరికి ఉత్త నీళ్ల సూది. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు. అడ్రినలిన్ ముందుగా పడ్డవాళ్లలో మొదటి గంటలో వచ్చే తీవ్రమైన రియాక్షన్లు 43 శాతం తగ్గాయి. మేం తరాల తరబడి నమ్మకంగా ఇచ్చిన అలర్జీ సూది, హైడ్రోకార్టిజోన్ ఏ మేలూ చేయలేదు. పైగా హైడ్రోకార్టిజోన్ కలిపితే అడ్రినలిన్ చేసే మేలు కూడా పోయింది. ఆ కాగితం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నా చేతులతో ఎన్ని వందల మందికి ఆ రెండు సూదులే వేసి, ఇక ధైర్యంగా ఉండండి అని చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

*పామును చంపి కవర్‌లో వేసుకొని డాక్టర్‌కు చూపించాలా?*

వద్దు. చంపబోయి రెండోవాడు కాటు తిన్న ఇళ్లున్నాయి. తెగిన తల కూడా కాసేపు కరుస్తుంది. దూరం నుంచి ఫొటో దొరికితే మేలు, లేకపోయినా మన విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేసేదే. పింజర కాటును డాక్టర్ పాము లేకుండానే పట్టుకుంటారు. రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి వంచుతారు. గడ్డకట్టకుండా జారిందంటే విషం ఎక్కినట్టే. గాజు గొట్టమే ఉండాలి, ప్లాస్టిక్‌ది తప్పు చెప్తుంది.

*భూపాలపల్లి దిక్కు మా ఊళ్లె పాము కుడితే పచ్చి మిరపకాయ, యాపాకు నమిలిస్తరు బిడ్డా. కారం, చేదు తెలిస్తే విషం ఎక్కనట్టే అంటరు. నాకు డెబ్బై దాటినయి, నేనెప్పుడు అట్లనే చూసిన. నువ్వేమంటవు?*

అమ్మా, నన్ను బిడ్డా అన్నారు కాబట్టి మా ఇంటి మాటే చెప్తాను. పరకాల దగ్గర మా ఊరు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా మేనత్త మక్కల కుప్ప పక్కన కింద పడుకుంది. నడిరాత్రి మోచేయి దగ్గర చీమ కుట్టినట్టయిందని లేచి, దులుపుకుని మళ్లీ పడుకుంది. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నది. అజీర్తి అనుకుని వాము నలిపి ఇచ్చారు. కాసేపటికి కళ్లు మూతలు పడుతున్నాయంటే మా నాయనమ్మకు అనుమానం వచ్చింది. రాత్రిపూట పాము పేరెత్తకూడదని ‘పురుగేమన్న ముట్టిందా’ అని అడిగింది. యాపాకు నమిలించారు. చేదుగానే ఉందన్నది అత్త. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎడ్లబండి కట్టేది మానేశారు. పొద్దెక్కేసరికి ఆమెకు మాట ముద్దగా వచ్చింది, గుటక పడలేదు. మధ్యాహ్నానికి పోయింది. ఇరవై నాలుగేళ్లు. నేను డాక్టర్ కావాలనుకోవడానికి మొదటి కారణం ఆ యాపాకు.

కరిచింది కట్లపామని నాకు కాకతీయ మెడికల్ కాలేజీలో రెండో ఏడు పుస్తకం చదువుతుంటే అర్థమైంది. కట్లపాము కాటుకు నొప్పి ఉండదు, వాపు రాదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. విషం పట్టేది రెప్పలను, గొంతును, ఛాతీ కండరాలను. నాలుక మీది రుచిని కాదు. ఒంట్లో విషం నిండినా కారం కారంగానే తెలుస్తుంది.

మీ మనవళ్లు కింద పడుకుంటారా? ఇందాక చెప్పిన ధరాన్ సంస్థ వాళ్లే 2007లో ఇంకో సంగతి తేల్చారు. దోమతెర కట్టుకుని పడుకున్నవాళ్లను పాములు కరవడం చాలా తక్కువ. తెర అంచులు చాప కిందికి చెక్కాలి. మీ ఊళ్లో పెద్దదానిగా మీ మాట చెల్లుతుంది. ఈ వానకాలం యాపాకు చెట్టుమీదే ఉండనివ్వండి.

*మా అమ్మను పెద్ద ఆసుపత్రిలో చేర్పించినప్పుడు ‘పరిశోధనలో చేరతారా’ అని నాలుగు పేజీల కాగితం ఇచ్చిండ్రు. ‘మనమేమన్న ఎలుకలమా’ అని మా బాపు సంతకం పెట్టలే. మేం చేసింది తప్పా?*
— డిగ్రీ విద్యార్థి, జనగామ

తప్పు కాదు తమ్ముడూ. వద్దనడం మీ హక్కు. వద్దన్నందుకు వైద్యంలో ఏ లోటూ చేయకూడదు. చేరాక మధ్యలో మానుకోవచ్చు. ఆ పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి కొత్త మందుల నిబంధనలు చెప్తున్నాయి. 2009 నుంచి మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఆ నంబర్ అడిగితే చెప్పాలి, నీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు. కాగితంలో అర్థం కానిది తెలుగులో చెప్పించుకునేదాకా సంతకం పెట్టొద్దు.

అయినా మీ బాపుకు ఒక మాట. పైన రాసిన వారెస్ప్లాడిబ్ ఒకప్పుడు గుండె జబ్బు కోసం పరీక్షించిన మందు. ఆ పరీక్షలో గుండెపోట్లు తగ్గకపోగా పెరిగాయని 2012లో ఆపేశారు. అటకెక్కిన ఆ మందు పాము విషంలోని ఒక ముఖ్యమైన పదార్థాన్ని అడ్డుకుంటుందని తర్వాత కనిపెట్టారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్యులు, మన దేశపు వైద్యులు కలిసి 95 మంది మీద దాన్ని మాత్రగా ఇచ్చి చూశారు. ఫలితం 2024లో వచ్చింది. అందరికీ మామూలు వైద్యం చేశారు, దాని పైన సగం మందికి ఈ మాత్ర, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర. మొత్తం మీద తేడా కనపడలేదు. కాటు పడిన ఐదు గంటల్లోపు మాత్ర పడినవాళ్లలో మాత్రం కాస్త మేలు కనపడింది. ఆ చిన్న ఆశను పట్టుకుని ఇప్పుడు ముందుకు పోవాలి. పొలం గట్టు మీదే మింగగలిగే మాత్ర ఏనాటికైనా వస్తే, అది ఆ 95 మంది సంతకాల వల్లే. వాళ్లలో మన దేశపువాళ్లూ ఉన్నారు. వాళ్లు ఎలుకలు కారు, మీ బాపుకు చెప్పు.

*రక్తపింజర కరిచి మా ఆయనకు కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేసిండ్రు. కిడ్నీలు బాగైనయి. ఏడాది దాటింది. కానీ మనిషి మనిషిగా లేడు. పొద్దంతా పడుకునే ఉంటడు, చలికి ఓర్వడు, గడ్డం పెరుగుడు ఆగింది. పనికి బద్ధకమైందని మా అత్తగారు తిడుతున్నది. చెప్పడానికి సిగ్గయితంది గాని, మా మధ్య సంసారం కూడ లేదు. ఇద్దరు డాక్టర్లు బలానికి మందులు రాసిండ్రు.*
— పేరు వద్దన్నారు, హుజూరాబాద్ ప్రాంతం

చెల్లెమ్మా, సిగ్గుపడకుండా గడ్డం సంగతీ సంసారం సంగతీ రాసి మంచి పని చేశావు. ఆ రెండు మాటలే నాకు దారి చూపించాయి.

మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. థైరాయిడ్, అడ్రినల్, మగతనానికి సంబంధించిన హార్మోన్లు అన్నీ దాని మాట వింటాయి. రక్తపింజర విషం కొందరిలో ఆ గ్రంథి లోపల రక్తస్రావం చేసి ఎండగొడుతుంది. 1987లో బర్మా రోగుల మీద చేసిన పరిశోధన ‘లాన్సెట్’లో వచ్చినప్పుడు లోకానికి తెలిసింది. మన దేశంలోనూ ఇలాంటి రోగులు బయటపడ్డారు. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన ఆడవాళ్లకు ఇలాంటి జబ్బే వస్తుంది. విషం పోయిన నెలలకో ఏళ్లకో నీరసం, చలి, వెంట్రుకలు రాలడం, కోరిక చావడం కనపడతాయి, ఆడవాళ్లకు నెలసరి ఆగుతుంది. పాముకాటుకూ దీనికీ ముడి ఉందని ఎవరికీ తట్టదు. నేనే ఒకాయనను ఇట్లాగే రెండేళ్లు రక్తహీనత అనుకుని తిప్పాను.

మీ ఆయనది బద్ధకం అని మీ అత్తగారు ఇంకోసారి అనకముందే ఈ పేజీ చదివి వినిపించు. వరంగల్‌లో ఎండోక్రినాలజీ, అంటే హార్మోన్ల డాక్టర్‌ను కలవండి. పాముకాటు నాటి డిశ్చార్జి కాగితం తప్పకుండా తీసుకుపోండి. పొద్దున ఎనిమిదింటికి అడ్రినల్ హార్మోన్ కార్టిసాల్, థైరాయిడ్‌లో ఫ్రీ టీ4, టెస్టోస్టిరాన్, సోడియం చూడమని అడగండి. థైరాయిడ్‌కు మామూలుగా చూసే టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి బాగుందంటే ఒప్పుకోవద్దు, ఈ జబ్బులో అది బాగున్నట్టే కనపడి మోసం చేస్తుంది. కార్టిసాల్ తక్కువుంటే ముందు దానికి మాత్ర మొదలుపెట్టి, తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి. తారుమారైతే ప్రాణం మీదికి వస్తుంది, అక్కడి డాక్టర్‌కు ఈ మాట గుర్తుచేసినా తప్పులేదు. ఈలోగా వాంతులై, కళ్లు తిరిగి పడిపోతే అదే రాత్రి ఆసుపత్రికి పోండి, తెల్లారేదాకా ఆగొద్దు.

నర్సంపేట అన్నా, మీ ఇంటామెకు నెలసరి సరిగ్గా వస్తున్నదా, మునుపటి ఓపిక ఉందా, అడిగి రాయండి. హుజూరాబాద్ చెల్లెమ్మా, రిపోర్టుల జిరాక్స్ పంపించు, వచ్చే నెల మొదటి జవాబు నీకే.